కొస కోసినప్పుడల్లా

కేబుల్ చెయ్యడం వచ్చినంత బాగా కూర చెయ్యడం కూడా వచ్చి ఉంటే మా ఆయనకి లోటేముందని మీనాక్షి ఒకప్పుడు వేళాకోళం చేసేది. బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు పాండురంగ చేతికింద ఉండేది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ కేబుళ్ళు బజార్లో తయారుగా దొరుకుతాయి. ఆయన మాత్రం ఏనాడూ కొన్నవాడు కాదు. పెద్ద చుట్ట తెప్పించి, కావలసినంత కోసుకుని, పైతొడుగు ఒలిచేవాడు. లోపల మెలికలు పడి ఉన్న ఎనిమిది సన్నతీగల్నీ విడదీసి, వేళ్ళతో సాపుచేసి, వరస తప్పకుండా చిన్న ప్లాస్టిక్ కనెక్టర్లోకి దూర్చి, క్రింపర్‌తో టక్కున నొక్కేవాడు. చూస్తున్నవాళ్ళకి పూలు కడుతున్నట్టుండేది.

పాండురంగ నాన్నగారు అర్చకులు. చిన్నప్పుడు ఇంట్లో మంత్రాలు సంత చెప్పుకున్న అలవాటు ఆయన్ని ల్యాబులో కూడా వదల్లేదు. తీగల రంగులు తాను ఒకసారి అంటే పిల్లలు రెండుసార్లు అనాలి. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. పిల్లలు నవ్వుకుంటూనే అనేవాళ్ళు. పరీక్షలో మాత్రం ఒక్కళ్ళూ వరస తప్పేవాళ్ళు కాదు.

వాళ్ళ కాపురం రేపల్లెలో, మీనాక్షి నాన్నగారు కట్టించిన ఇంట్లో. పొద్దున్నే ఆయన చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సెక్కేవాడు, ఆమె తెనాలి రైలెక్కేది. తెనాలిలో ఒక హైస్కూల్లో ఆమె తెలుగు టీచరు. కరోనా వచ్చి ఇద్దరూ ఇంట్లోంచే పాఠాలు చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ మందపాటి గోడల మధ్య ఒక గదిలో ఉన్న సిగ్నల్ ఇంకో గదిలో ఉండేది కాదు. పాండురంగ నాలుగు రోజులు ఇల్లంతా నిచ్చెన వేసుకు తిరిగి, గదిగదికీ తను చేసిన కేబుళ్ళు వేశాడు. గోడ వెంబడి క్లిప్పులు కొట్టి తిన్నగా తీసుకెళ్ళిన ఆ తెల్లటి కేబుళ్ళను చూసి పక్కింటి హైమావతి, ఇల్లు ఆస్పత్రిలా ఉందే అమ్మాయ్ అంది.

తర్వాత రెండేళ్ళకి ఒకరోజు ల్యాబులో రంగులు చెబుతూ చెబుతూ ఆయన బ్లూ దగ్గర ఆగిపోయాడు. మాస్టారు తమని పరీక్షిస్తున్నారనుకుని పిల్లలే మిగతావి చెప్పేశారు. ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. మీనాక్షీ నవ్వింది. ఆ తర్వాత దిగాల్సిన చోట దిగక బస్సులో ముందుకెళ్ళిపోవడం, అన్నం తిని మళ్ళీ కంచం ముందు కూర్చోవడం మొదలయ్యాయి. గుంటూరులో డాక్టరు స్కానింగులు తీయించి, జబ్బు పేరు చెప్పి, ఈ వయసులో రావడం అరుదే గాని వస్తుందన్నాడు. మందులు కాస్త నెమ్మదింపజేస్తాయంతే, వెనక్కి తిప్పలేవన్నాడు. అలవాటైన ఇల్లు మాత్రం మార్చొద్దన్నాడు. ఆయనకి అప్పటికి యాభై నాలుగేళ్ళు. ఆ ఏడే ఉద్యోగం మానేశాడు.

మీనాక్షికి మానడానికి వీల్లేదు. మందులూ ఇల్లూ ఇప్పుడు ఆమె జీతం మీదే నడవాలి. పగలు కనిపెట్టుకుని ఉండటానికి ఇద్దరు ముగ్గుర్ని పెట్టింది. పాండురంగ వాళ్ళని ఎంతో మర్యాదగా గుమ్మందాకా సాగనంపి, ‘మా ఆవిడ వచ్చాక రండి’ అని తలుపు గడియపెట్టుకునేవాడు. చివరికి హాల్లో మూల ఒక కెమెరా బిగించి, ఆయన వేసిన కేబుళ్ళలోనే ఒకదానికి తగిలించింది. స్కూల్లో తీరికైనప్పుడల్లా ఫోన్లో హాలు మొత్తం, వీధి తలుపుతో సహా కనపడేది. ఏదైనా అయితే హైమావతికి ఫోను చేస్తే ఆవిడ వెళ్ళి చూసేది.

మొదట్లో ఒకరోజు వీధి తలుపుకి బయట తాళం వేసి వెళ్ళింది. మధ్యాహ్నం ఫోను తీసి చూస్తే ఆయన తలుపు ముందు నిలబడి ఉన్నాడు. కొట్టడం లేదు, లాగడం లేదు. పరాయివాళ్ళ ఇంట్లో చిక్కుకుపోయిన మనిషిలా మొహమాటంగా, “ఏమండీ, ఎవరైనా ఉన్నారా అండీ?” అని అడుగుతున్నాడు. కాసేపాగి మళ్ళీ అదే మాట. మీనాక్షి స్టాఫ్‌రూమ్‌లోంచి లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. మరెప్పుడూ తాళం వెయ్యలేదు.

కెమెరాలోంచి మాట్లాడే వీలు కూడా ఉంది. ఒకసారి “ఏవండీ, మందు వేసుకున్నారా?” అని అడిగింది. ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. “వస్తున్నా మీనాక్షీ” అంటూ వంటింట్లోకి వెళ్ళాడు, పెరట్లోకి వెళ్ళాడు. ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని వెతుకుతూ ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. ఇక్కడే ఉన్నానని చెప్తే ఇంకా వెతుకుతాడు, చెప్పకపోయినా వెతుకుతాడు. ఆమె వేలు ఫోను మీదే ఉండిపోయింది. ఆ రోజు నుంచీ మాట్లాడటం మానేసి, చూడటమే చేసింది.

కేబుల్ కొయ్యడం మొదలైంది మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో. ఉన్నట్టుండి ఫోన్లో బొమ్మ పోయింది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి పాండురంగ నేలమీద కూర్చుని ఉన్నాడు. పక్కనే క్రింపరు, కనెక్టర్ల సంచీ, తీగల వరస సరిచూసే టెస్టరు. కెమెరా కేబుల్ కొస కోసి కొత్త కనెక్టర్ వేస్తున్నాడు. “ఇది లూజుగా ఉంది, ఎవరు చేశారోగాని” అన్నాడు. అది ఆయన చేసిందే. చాలా రోజుల తర్వాత ఆయన చేతులు ఒక పనిలో పడ్డాయి, మీనాక్షికి అదే చాలనిపించింది. పక్కన కూర్చుని చూసింది. టెస్టర్ మీద దీపాలు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలిగాయి. ఆ రాత్రి ఆయన కడుపునిండా తిన్నాడు.

నాలుగు రోజులకి మళ్ళీ కోశాడు. తర్వాత రెండు రోజులకి, తర్వాత రోజూ. ఒక్కోసారి వేసిన కనెక్టర్ బాగానే ఉన్నా నమ్మకం కుదరక కోసేవాడు. ఒక్కోసారి వరస తప్పేది. తప్పిందని దీపాలు చూపిస్తే ఇంకో బెత్తెడు కోసి మళ్ళీ చేసేవాడు. కోసిన ముక్క కోసినట్టే పోతుంది గదా, కేబుల్ పొట్టిదవుతూ వచ్చింది. ముందు మూల చుట్టి ఉంచిన చుట్ట అయిపోయింది. తర్వాత గోడ మీది క్లిప్పుల్లోంచి ఊడొచ్చి గదికి అడ్డంగా దండెంలా బిగిసింది. ఆ పైన కెమెరాకి అందనే లేదు. మీనాక్షి కెమెరాని మూలలోంచి తీసి కిటికీ పక్కకి మార్చింది. అక్కణ్ణుంచి వీధి తలుపు సగమే కనపడేది. ఇంకో నెలకి పుస్తకాల బీరువా మీదకి మార్చింది. తలుపు పోయింది.

క్రింపర్ దాచి చూసింది. పాండురంగ రోజంతా అల్మారాల్లోనూ పరుపుల కిందా వెతికి, చివరికి కూరగాయల కత్తితో కేబుల్ చెక్కబోయి వేలు తెగ్గోసుకున్నాడు. నా సామాను ఎవరో ఎత్తుకుపోయారని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తిరిగి ఇచ్చేసింది. తెనాలిలో తయారు కేబుల్ కొనుక్కొచ్చి వేసింది. దాని కనెక్టర్ చూసి, ఇది మన పని కాదని అదే రోజు కోసేశాడు. కేబుల్ లేకుండా పనిచేసే కెమెరా తెప్పించింది. ఆ గోడల్లో అదెలాగూ సిగ్నల్ సరిగ్గా అందుకోలేదు. ఆయన మాత్రం దీని కేబుల్ ఏదని అటూ ఇటూ తిప్పి చూసి ఊడదీసి బల్ల మీద పెట్టాడు. కేబుల్ చుట్ట కొని ముందు పడేస్తే దాని జోలికి పోలేదు. ఆయనకి ఇంట్లో వేసి ఉన్నదే కావాలి, పాడైందని ఆయనకి తోచింది అదే.

చివరికి కెమెరా ఆయన పనిచేసుకునే బల్ల మీదకే వచ్చింది. ఇప్పుడు ఫోన్లో మీనాక్షికి కనిపించేది బల్ల అంచు, గోడ మీది క్యాలెండరు, ఆయన భుజం, వంగితే ఒక చెంప. అదీ ఆయన కొయ్యనంతసేపు.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం, రెండో పీరియడ్ అయ్యాక ఫోను తీస్తే బొమ్మ లేదు. అలవాటే గనక కాసేపు ఊరుకుంది. మూడో పీరియడ్ తర్వాతా రాలేదు. హైమావతికి ఫోను చేసింది. ఆవిడ పేరంటానికి వెళ్ళి ఉంది. వచ్చి చూసి, ఫోన్లో మెల్లగా చెప్పింది.

“అమ్మాయ్, తలుపు బార్లా తీసుంది. మనిషి లేడు. పెరట్లోనూ చూశాను. చెప్పులు లేవు.”

మీనాక్షి హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పి బస్టాండుకి పరిగెత్తింది. రైలు సాయంత్రం గాని లేదు. రేపల్లె బస్సు అప్పుడే కదులుతోంది. కిటికీ పక్కన కూర్చుని, పొద్దున కెమెరా పంపగా ఫోన్లో నమోదైనది వెనక్కి జరిపి చూసింది. ఆయన బల్ల ముందు నిలబడ్డాడు. క్రింపరు, టెస్టరు, కనెక్టర్ల సంచీ ఒక్కొక్కటే తీసి పాత ఆఫీసు బ్యాగులో సర్దాడు. బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. తర్వాత చెయ్యి కెమెరా వైపు వచ్చింది, బొమ్మ ఆగిపోయింది. ఎటు వెళ్ళాడో, ఎలా వెళ్ళాడో చూపించడానికి ఆ బొమ్మలో చోటే లేదు. హాలు మొత్తం కనపడిన రోజుల్లో ఆయన ఇల్లు కదల్లేదు.

వేమూరులో బస్సు ఆగింది. ఎవరో ఇత్తడి బిందెలు ఎక్కిస్తున్నారు, అవి ఎక్కేదాకా కదల్లేదు. మీనాక్షి తెలిసిన నంబర్లన్నిటికీ చేసింది. రేపల్లె స్టేషన్ దగ్గర మెడికల్ షాపతను చూడలేదన్నాడు. పెనుమూడి వైపు వెళ్ళే ఆటోలవాళ్ళని హైమావతి అడిగిందట, వాళ్ళూ చూడలేదన్నారు. పెనుమూడి అనగానే వంతెనా, కింద కృష్ణా మీనాక్షి కళ్ళకి కట్టాయి. ఆ ఊహని తోసేద్దామంటే పోలేదు. కండక్టర్ చిల్లర ఇచ్చి, ఏంటమ్మా ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. ఏం లేదండి అంది. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేక ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది.

భట్టిప్రోలు చేరేముందు ఫోను మోగింది. బాపట్ల కాలేజీ నుంచి అనుదీప్. పాండురంగ దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు ఆయన చోట ల్యాబు చూసుకుంటున్నాడు.

“మేడం, కంగారు పడకండి. మాస్టారు ఇక్కడ ఉన్నారు. పదకొండింటికి వచ్చారంట. నేను ఇప్పుడే చూశాను. కూర్చోబెట్టాను. మీరు నెమ్మదిగా రండి.”

ఇరవై ఏళ్ళు తిరిగిన దారి ఆయన కాళ్ళు మర్చిపోలేదు. మీనాక్షి భట్టిప్రోలులో దిగి ఆటోలో చెరుకుపల్లి వెళ్ళి, అక్కడ బాపట్ల బస్సెక్కింది. ఇవాళ దొరికాడు, అంతే. రేపటి సంగతి తల్చుకుంటే ఆమెకి దారి తోచలేదు.

ల్యాబు మారిపోయింది. వరసగా కొత్త కంప్యూటర్లు, చల్లటి గాలి. ఒక మూల బల్ల దగ్గర పాండురంగ కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నాడు. పిల్లల్ని బయటికి పంపేసి, అనుదీప్ స్టోర్‌లోంచి పాత కేబుల్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. బల్లనిండా కత్తిరించిన రంగురంగుల తీగముక్కలు.

మీనాక్షిని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. “నువ్వెందుకొచ్చావు? స్కూలు లేదా?”

“సెలవు పెట్టాను. వెళ్దాం రండి.”

రేపు ప్రాక్టికల్స్ ఉన్నాయనీ, ఈ కేబుళ్ళు పూర్తయ్యేదాకా రాలేననీ ఆయన చెప్పాడు. ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన తీగలు విడదీశాడు. పెదాలు కదులుతున్నాయి. వైట్ ఆరెంజ్, ఆరెంజ్ దాకా వచ్చి ఆగి, మళ్ళీ మొదటికి వెళ్తున్నాయి. వేళ్ళు మాత్రం ఆగకుండా మిగతా ఆరింటినీ తోచినట్టు సర్ది, కత్తిరించి, కనెక్టర్లోకి తోసి నొక్కేశాయి. అనుదీప్ టెస్టర్‌కి తగిలించాడు. దీపాలు ఒకటి, రెండు వెలిగి, మూడోది మానేసి, ఏడుకి దూకి, వెనక్కి నాలుగుకి వచ్చాయి.

“బాగా వచ్చింది మాస్టారూ” అన్నాడు అనుదీప్. కేబుల్ తీసి, అప్పటికే అయిన నాలుగైదింటి పక్కన జాగ్రత్తగా పెట్టి, మంచినీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళాడు. అతని మొహం చూడలేక మీనాక్షి తల వంచుకుంది.

పాండురంగ తలుపు మూసుకునేదాకా ఆగాడు.

“ఆ అబ్బాయి అబద్ధం చెప్తున్నాడు” అన్నాడు మెల్లగా. “మూడో లైటు వెలగలేదు.”

మీనాక్షి పక్కన పెట్టిన ఆ కేబుళ్ళ వంక చూసింది.

“తప్పని తెలుస్తోంది మీనాక్షీ. ఎక్కడ తప్పో తెలియట్లేదు. ఇంట్లో కూడా అంతే. మంచిదాన్నే కోస్తున్నానేమో అని కోసేటప్పుడు అనిపిస్తుంది. కోశాక గాని చెయ్యి ఆగదు.”

ఇన్ని నెలల్లో ఆయన తన జబ్బు గురించి తనంతట తాను మాట్లాడటం అదే. మీనాక్షి ఆయన చెయ్యి పట్టుకుంది. బొటనవేలు కొస సన్నతీగలు గుచ్చుకుని గరుకుగా ఉంది. ఏదైనా చెప్పాలని, ఆయనకి పట్టుకొమ్మలాంటి మాట ఒక్కటైనా ఇవ్వాలని చూసింది. డాక్టరు ఇవ్వనిది ఆమె ఎక్కణ్ణుంచి తెస్తుంది? “నేనున్నాను గదండీ” అంది. ఆ మాట తన చెవికే చాలీచాలనట్టు వినపడింది. పాండురంగ తలూపి, చెయ్యి విడిపించుకుని, ఇంకో కేబుల్ అందుకున్నాడు. మాట్లాడింది అప్పుడే ఎగిరిపోయినట్టుంది, రేపు ప్రాక్టికల్స్ అన్నాడు మళ్ళీ.

సాయంత్రం అనుదీప్ తన కారులో ఇద్దర్నీ రేపల్లె చేర్చాడు. దారంతా పాండురంగ నిద్రపోయాడు. అనుదీప్ దిగబెట్టి వెళ్ళేటప్పుడు ఏమైనా కావాలంటే చెప్పండి మేడం అన్నాడు. ఏం కావాలో ఆమెకే తెలియలేదు.

మీనాక్షి ఉన్న సెలవులన్నీ పెట్టింది. అవి అయిపోయే ముందు హైమావతి వాకబు చేసి స్టెల్లాని తీసుకొచ్చింది. గుంటూరులో ఒక ఆస్పత్రిలో ఆయాగా చేసి, సొంతూరు వచ్చేసిన మనిషి. పాండురంగ ఎప్పటిలాగే ఆవిడనీ గుమ్మందాకా సాగనంపబోయాడు. స్టెల్లా వాకిట్లో అరుగు మీద కూర్చుండిపోయింది. “కంప్యూటర్ పని నేర్చుకుందామని వచ్చానండి సార్” అంది. ఆయన కాసేపు ఆలోచించి లోపలికి రమ్మన్నాడు. అప్పటి నుంచీ పొద్దున్నే ఆవిడ ఎదురుగా కూర్చుని రంగులు చెప్పుకునేది. ఆయన ఎక్కడ తప్పితే ఆవిడా అక్కడే తప్పేది. కేబుల్ కొయ్యడం మాత్రం ఆగలేదు. ఇంట్లో గదులన్నిటి కేబుళ్ళూ ఒక్కొక్కటే పొట్టివై, నేలమీద మూరెడు ముక్కలుగా మిగిలాయి. మీనాక్షి వాటిని ఊడ్చి ఎత్తడం కూడా మానేసింది. ఈ కొయ్యడం ఎప్పుడాగుతుందా అని లోలోపల విసుక్కునేది కూడా.

దీపావళి వెళ్ళాక ఒక వారం ఆయన బల్ల దగ్గరికి పోలేదు. జ్వరమేమో అనుకుంది. ఒళ్ళు చల్లగానే ఉంది. క్రింపర్ తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎవరి వస్తువో వాళ్ళకి ఇచ్చేస్తున్నట్టు మర్యాదగా తిరిగి ఇచ్చాడు. స్టెల్లా రంగులు మొదలుపెడితే వింటున్నట్టే వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆగితే బాగుండుననుకున్నది ఆగింది. మీనాక్షి ఆ రోజు పెరట్లో నూతి గట్టు మీద చాలాసేపు కూర్చుంది. స్టెల్లా పిలవలేదు.

ఆదివారం నాడు కొత్త చుట్ట తీసుకుని మీనాక్షి తనే కేబుల్ చెయ్యబోయింది. కెమెరా మళ్ళీ మూలలో పెట్టాలి, స్టెల్లా ఉన్నా తనకి చూసుకోకపోతే తోచదు. ఇన్నాళ్ళు పక్కన కూర్చుని చూసిన పనే గాని, చేతికి వచ్చేసరికి తీగలు ఒకటి సర్దితే ఇంకొకటి తప్పుకుంటున్నాయి. కనెక్టర్లోకి సగం దాకా వెళ్ళి వంగిపోతున్నాయి. రెండుసార్లు చెడగొట్టింది. పాండురంగ కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె వేళ్ళ వంకే చూస్తున్నాడు. ఏదైనా అంటాడేమో, అలా కాదని కసురుకుంటాడేమో అని ఆమె పని నెమ్మది చేసింది.

“మీరు ఎక్కడ నేర్చుకున్నారండి ఈ పని?” అని అడిగాడు ఆయన.

పాతికేళ్ళ కాపురంలో ఆయన ఆమెని ఎప్పుడూ మీరు అనలేదు. మీనాక్షి చేతిలో తీగలు విడిపోయాయి.

“ఇంట్లోనేనండి” అంది వాటిని మళ్ళీ సాపుచేస్తూ.

“కష్టమైన పనే” అన్నాడు జాలిగా. అని, మళ్ళీ వీధిలోకి చూశాడు.

మూడోసారి కేబుల్ కుదిరింది. గోడ వెంబడి పాత క్లిప్పుల్లో బిగించి, నిచ్చెనెక్కి కెమెరా మూలలో పెట్టింది. మర్నాడు తెనాలిలో ఇంటర్వెల్‌కి ఫోను తీస్తే హాలు మొత్తం కనపడింది. బల్ల, బీరువా, బార్లా తీసిన వీధి తలుపు, గుమ్మంలో పడిన ఎండ. స్టెల్లా కూర్చోబెట్టిన చోట పాండురంగ కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. కదులుతాడేమో అని చూసింది. ఎంతసేపటికీ కదల్లేదు. బెల్లు కొట్టారు. ఆమె ఇంకొక్క నిమిషం చూసి, ఫోను బ్యాగులో వేసుకుని తొమ్మిదో తరగతికి వెళ్ళింది.